పులికాట్ పోయి వస్తిమి, పక్షి లేదు ఈక లేదు. ఏప్రిల్లో పోవడమే తప్పా?

బుజ్జమ్మవాళ్ళ_నాన్న
కడుపుమంటతో రాస్తా ఉండా. మొన్న ఆదివారం తెల్లారి అయిదింటికే నెల్లూరులో బండి తీస్తిమి. నేను, మా ఆమె, మా పాప బుజ్జమ్మ, పిలవకపోయినా ముందు సీట్లో కూర్చున్న మా మామ. సూళ్ళూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కేసరికి ఏడయింది. ఆ రోడ్డు సరస్సు మధ్యలో పోతుంది కదా, రెండు పక్కలా రాజహంసలు బారులు తీరి ఉంటాయని పాపకు నెల్లాళ్ళుగా ఊరిస్తా వచ్చినా. యాడుండాయి? ఒక పక్క పెటపెటా పగిలిన బురద. ఇంకో పక్క చీలమండ లోతు నీళ్ళు, దాంట్లో అటూ ఇటూ పరిగెత్తే చిన్న చిన్న పిట్టలు. దూరంగా, శానా దూరంగా, తెల్లటి గీత ఒకటి. అవి రాజహంసలో, ఉప్పు పేరుకున్న గట్టో తేలక నేనూ మా మామా పావుగంట వాదించుకుంటిమి.

అటకానితిప్ప కాడ ఆగి తెచ్చుకున్న ఇడ్లీలు తిని, వెనక్కి తిరిగి నేలపట్టుకు పోతిమి. అక్కడ చెరువులో కడప చెట్ల మీద సగం గూళ్ళు ఖాళీ. గూడబాతులు, అంటే పెలికాన్లు, ఉండాయి గానీ నూటికి లోపే. పాప "నాన్నా, పక్షులకి కూడా వేసవి సెలవులిచ్చేసినారా" అనింది. మా మామ అయితే ఇల్లు చేరేదాకా ఒకటే పాట, "సంక్రాంతి సినిమాకి ఉగాది అయినాక పోతే తెర కూడా పీకేసుంటారబ్బయ్యా" అని.

తప్పు నాదా, నీళ్ళదా? తెలిసినోళ్ళు చెప్పండి. పాప నా ఫోన్లో తీసిన ఫొటోలు నాలుగు పెడతా ఉండా. మూడు మసక పిట్టలు, ఒకటి మా మామ బొటనవేలు.

తడ_తమ్ముడు
డిసెంబరు, జనవరిలో రావాల్సింది అన్నా. ఫ్లెమింగో పండగ అప్పుడు. అప్పుడు పక్షుల కన్నా జనమే ఎక్కువ ఉంటారు, అది వేరే సంగతి.

మౌనముని
నాలుగో ఫొటో స్పష్టంగా వచ్చింది. ఏ జాతి?

బుజ్జమ్మవాళ్ళ_నాన్న
మామ జాతి. అంతరించే ప్రమాదమేమీ లేదు.

సిక్కోలు_గుంటడు
మా తేలినీలాపురంలోనూ ఇప్పుడు ఖాళీయే బావూ. మా అమ్మమ్మగారి ఊరు అదే, అందుకే సెప్తన్నాను. సెప్టెంబరుకి దిగుతాయి, ఇళ్ళ మజ్జిలో సింతసెట్ల మీద గూళ్ళు కడతాయి, పిల్లల్ని లేపీసి మార్చి, ఏప్రిల్ కల్లా ఎల్పోతాయి. గాలికి గూట్లోంచి పిల్ల జారి పడితే మా అమ్మమ్మ బుట్టలో యెట్టి, సేప ముక్కలు పెట్టి బతికించీది. ఆటొచ్చిన ఏడు ఊరికి మంచి జరుగుతాదని నమ్మకం. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా సూస్తారు. మరి సైబీరియా నుంచి అంత దూరం ఎగిరొచ్చినవి మన ఎండకి ఆగుతాయేటి?

రిటైర్డ్_సైన్సుటీచరు
సైబీరియా ఎప్పుడొస్తుందా అని చూస్తూనే ఉన్నాను. అయిదో పోస్టుకే వచ్చేసింది.

బాబూ గుంటడూ, మీ అమ్మమ్మగారికి దండం. కానీ ఆవిడ బుట్టలో పెట్టి పెంచింది ఎర్రకాళ్ళ కొంగ పిల్లనో గూడబాతు పిల్లనో అయి ఉంటుంది. ఆ రెండూ మన పక్షులే. వానలెక్కడ బాగా పడ్డాయి, ఏ చెరువులో నీళ్ళున్నాయి, చేప ఎక్కడ దొరుకుతుంది, దాన్ని బట్టి ఊళ్ళు మారతాయంతే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి జూన్‌లో వచ్చే నత్తగుల్ల కొంగలదీ అదే కథ. వాటిని కూడా సైబీరియా కొంగలనే అంటారు.

ఒక్క చిన్న లెక్క వేసుకోండి. దూరదేశం నుంచి వచ్చే వలస పక్షి మన దగ్గరికి చలికాలంలో తిండి కోసం వస్తుంది. గుడ్లు పెట్టేది తన ఊళ్ళో, అక్కడి వేసవిలో. మరి మీ చింతచెట్టు మీద గూడుంది, గూట్లో పిల్లలున్నాయి. ఆ గూడే సాక్ష్యం, అది సైబీరియాది కాదని. పుట్టింది తేలినీలాపురంలో, పెరిగింది తేలినీలాపురంలో, దానికి రష్యా పాస్‌పోర్టు ఎందుకిస్తారు?

సిక్కోలు_గుంటడు
పేపర్లో ఏటా అదే రాస్తారు కదండీ!

రిటైర్డ్_సైన్సుటీచరు
ఏటా రాస్తారు. ఫొటో కూడా ఏటా అదే.

పాలపిట్ట_27
గట్లయితే రాజహంసల సంగతేంది టీచరమ్మా? అవి అసలు హంసలే కావంటరు గద. మా దిక్కు అమీన్‌పూర్ చెరువుల గూడ అప్పుడప్పుడు దిగుతయి. జనమంత హంసలొచ్చినయని ఉరుకుతరు.

రిటైర్డ్_సైన్సుటీచరు
హంస కాదు, బాతు కాదు, కొంగా కాదు. ఫ్లెమింగో వేరే కుటుంబం. ముక్కు మధ్యలో విరిచినట్టు వంగి ఉంటుంది చూడండి, తల కిందులుగా నీళ్ళలో ముంచి, నీటిని లోపలికి లాగి వడకట్టి తింటుంది. మన వంటింట్లో టీ జల్లెడ పని. రంగు పుట్టుకతో రాదు. పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. తిన్న నాచులో, రొయ్యజాతి పురుగుల్లో ఉన్న రంగే మెల్లగా ఈకలకెక్కుతుంది. గూళ్ళు పెట్టేది ప్రధానంగా గుజరాత్‌లో, కచ్ రణ్‌లో. పులికాట్ వాటికి భోజనశాల.

మౌనముని
నేను పాతికేళ్ళుగా ఆవకాయ తింటున్నా, ఇంకా ఎర్రగా అవలేదు.

తడ_తమ్ముడు
నీళ్ళ సంగతి నేను చెప్తా. నేను పుట్టింది ఈ సరస్సు ఒడ్డునే.

మా తాతోళ్ళు దీన్ని పులికాట్ అనేవాళ్ళు కాదు, ప్రళయకావేరి అనేవాళ్ళు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం వానలకి కాళంగి, ఆరణి వచ్చి దీంట్లో పడతాయి. అప్పుడు నిండుతుంది. సముద్రం నీళ్ళు ముఖద్వారాల నుంచి వస్తాయి. మన పక్క తూపిలిపాళెం, రాయదొరువు, అరవోళ్ళ పక్క పళవేర్కాడు. మన పక్కవి ఇసక మేటేసి మూసుకుపోతుంటాయి. అంటే సంక్రాంతి దాటినాక పైనుంచి ఏరు రాదు, పక్కనుంచి సముద్రం రాదు, ఎండ మాత్రం వస్తుంది. ఉత్తరం పక్క, అంటే నువ్వు చూసిన రోడ్డు వైపు, ముందు ఎండిపోతుంది. చిన్నప్పుడు మేము ఏప్రిల్, మేలో సైకిళ్ళేసుకుని సరస్సుకి అడ్డంబడి పోయేవాళ్ళం.

ఫ్లెమింగోకి మోకాలి లోతు నీళ్ళు కావాల. లోతెక్కువైతే నిలబడలేదు, ఎండితే తిండి లేదు. అందుకే నీళ్ళు వెనక్కి పోయే కొద్దీ అవీ ఇరకం దీవి పక్కకి, తమిళనాడు పక్కకి జరుగుతాయి. అన్నా, నువ్వు చూసిన ఆ తెల్ల గీత ఉప్పు గట్టు కాదు. అవే. మీ మామ ఓడిపోయినాడా, గెలిచినాడా?

బుజ్జమ్మవాళ్ళ_నాన్న
ఉప్పు అనింది నేనే. ఈ పోస్టు ఆయనకి చూపించను.

కొల్లేటి_చేప
అందరూ పక్షుల్లేవని ఏడుస్తున్నారు, మావి కాస్త పట్టుకుపోండి బాబూ. రవాణా ఖర్చు నేనిస్తాను. మా కొల్లేటి ఆటపాకలో ఇనప స్టాండ్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతుంటే పడవెక్కి ఫొటోలు తీసుకుని మురిసిపోతారు కదండీ, సాయంత్రం వాటికి భోజనం ఎక్కడనుకుంటున్నారు? మా చెరువులోనే. శీలావతి చేపపిల్ల వేసిన నెలకి చూస్తే సగం లేదు. గూడబాతు నయం, మొహం కనపడేలా తింటుంది. నీటికాకులు దండులా దిగి మునిగి తేలాయంటే చెరువు ఊడ్చినట్టే. టపాసులు కాలిస్తే పది నిమిషాలు లేచి పక్క చెరువులో వాలతాయి. ఆ పక్క చెరువు కూడా మాదే.

పాలపిట్ట_27
చెర్ల మీద నైలాన్ దారాలు కడ్తరు గద, వాటిల రెక్కలు ఇరుక్కొని ఎన్ని సస్తున్నయో జూసినవా అన్నా? పోయినేడాది కైకలూరు దిక్కు వచ్చినప్పుడు నా కండ్ల ముందట ఒక కొంగ గట్లనే ఏలాడుకుంట కనవడ్డది. రెండు దినాలు అన్నం మింగుడు వడలే.

కొల్లేటి_చేప
నేను దారం కట్టనండి. మనిషిని పెట్టాను. వాడు పగలు నిద్రపోతాడు, పక్షులకి ఆ టైము తెలుసు.

రిటైర్డ్_సైన్సుటీచరు
చేప గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ "మావి" అన్నారు చూడండి, అదొక్కటీ సరిదిద్దుకోవాలి. 1946లో కె.కె. నీలకంఠన్ గారని కేరళ మనిషి, పక్షుల మీద బోలెడు రాసినాయన, మీ కొల్లేటి వైపు ఆరేడు దగ్గర గూడబాతుల గూళ్ళు కనిపెట్టారు. 1970లు సగానికొచ్చేసరికి ఆ కాలనీ ఖాళీ. ఇప్పుడు ఆటపాకలో చెట్లు చాలక ఇనప స్టాండ్లు వేస్తే మళ్ళీ కట్టుకుంటున్నాయి. ముందొచ్చింది చెరువా, పక్షా?

కొల్లేటి_చేప
ముందొచ్చింది మా ముత్తాతండి. ఆయన చేపలు పట్టుకునేవాడు, పక్షులూ పట్టుకునేవి. 1999లో అభయారణ్యమన్నారు, 2006లో చెరువులు పేల్చారు, ఇప్పుడు అభయారణ్యం హద్దు అయిదో కాంటూరా మూడో కాంటూరా అని

నిర్వాహకుడు
కాంటూరు గొడవకి వేరే చర్చ నడుస్తోంది, 40 పేజీలు దాటింది. ఇక్కడ పక్షులే.

అట్లాంటాలో_ఆవకాయ
నాదొక సందేహం. ఇక్కడ ఏప్రిల్, మే వస్తే చాలు, వసంత వలస అంటూ ముసలీ ముతకా దుర్భిణీలు మెడలో వేసుకుని పార్కుల్లో తిరుగుతారు. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే పిట్టలు దారిలో నాలుగు రోజులు ఆగుతాయి, అదీ సందడి. మన దగ్గర వసంతమంటే కోయిల తప్ప ఇంకేం గుర్తు రాదు నాకు. పక్షులంటే చలికాలమే అన్నట్టు మాట్లాడతాం. మనకి వసంతంలో చూడదగ్గది అసలేమీ లేదా?

మౌనముని
మా వీధి కోయిలని తీసుకుపొండి. తెల్లారి నాలుగున్నరకి మొదలు. వసంతగానం కాదు, ఫైరింజన్.

పాలపిట్ట_27
ఆ అరిచేది మగది. నల్లగ నిగనిగలాడుతది. ఆడదానికి ఒళ్ళంత మచ్చలు, అది చప్పుడు చెయ్యకుంట పోయి కాకి గూట్ల గుడ్డు వెట్టి వస్తది.

ఆవకాయ అన్నా, లేకేమున్నది? మా ఊరు సంగారెడ్డి దాటినంక. హోళీ ముందట మోదుగులు పూస్తయి గద, ఆకు లేని చెట్టంత మంట వెట్టినట్టు. దాని మీద గులాబీ గోరింకలు వాల్తయి, ఒక్కటి రెండు కాదు, వందలు. ఒళ్ళు గులాబీ, తల రెక్కలు నలుపు. పువ్వుల మూతి వెట్టి తేనె తాగి తాగి నొసలంత పసుపు పుప్పొడి అంటుకొని, బోనాలకు పోయే పోతరాజు లెక్క ఉంటయి. సాయంత్రం పొద్దుగూకేటప్పుడు గుంపంత ఒక్కటై ఆకాశంల మెలికలు తిరుగుతది. ఏప్రిల్ నడిమికి ఒక్కటి గూడ ఉండదు. కజకస్తాన్ దిక్కు పోయి పిల్లల్ని చేస్తయట, ఆడ మిడతలే తిండి. పోయేముందు రంగు ఇంకింత ఎక్కుతది. చలికాలం వచ్చినప్పుడు జూస్తే మట్టి కొట్టుకుపోయినట్టు ఉంటయి.

రిటైర్డ్_సైన్సుటీచరు
పాలపిట్ట చివర్లో చెప్పిన ఆ మాటే అసలు విషయం. పోయేముందు రంగు ఎక్కుతుంది.

మన దగ్గరికి చలికాలంలో వచ్చే నీటి పక్షులు చాలావరకు బూడిదరంగు బట్టల్లో ఉంటాయి. పుస్తకం పట్టుకుని గంటసేపు చూసినా ఏది ఏదో తేలదు. డిసెంబరులో నేను కూడా సగం వాటికి పేరు పెట్టలేను, ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి పాత ఈకలు రాలి పెళ్ళి బట్టలొస్తాయి. గోధుమ తల గల్ పక్షిని జనవరిలో చూడండి, తల తెల్లగా ఉండి కంటి వెనక ఒక్క మచ్చ ఉంటుంది. మార్చిలో అదే పక్షి కాఫీరంగు ముసుగేసుకుని కూర్చుంటుంది. బంగారు చారల ప్లోవర్ పొట్టంతా నల్లబడుతుంది. నల్లతోక గాడ్విట్ మెడ ఇటుకరంగుకి తిరుగుతుంది. అప్పుడు చూసినవాడికి పేర్లు కూడా అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. కాకపోతే రెండు మూడు వారాలే. రంగొచ్చాక ఆగవు.

రాజహంసల కోసం పోయినవాళ్ళు కాళ్ళ దగ్గర తిరిగే పిట్టల్ని చూడరు. బుజ్జమ్మ నాన్నగారూ, మీరు మొదటి పోస్టులో ఒక ముక్క రాసి దాటేశారు: చీలమండ లోతు నీళ్ళు, అటూ ఇటూ పరిగెత్తే చిన్న పిట్టలు. మీ పాప వాటినే తీసింది. ఆ రెండో ఫొటో ఇక్కడ ఎవరైనా పెద్దది చేసి చూశారా?

తడ_తమ్ముడు
చూసినా. ఎర్రగా ఏదో ఉంది. బురద అంటుకున్న ఉల్లంకి పిట్ట అనుకున్నా.

రిటైర్డ్_సైన్సుటీచరు
బురద కాదు. కర్లూ శాండ్‌పైపర్. వంకర ముక్కు ఉల్లంకి అనుకోండి.

పాలపిట్ట_27
నేను మెర్లిన్ యాప్‌ల పెట్టి జూసిన టీచరమ్మా. అది రెడ్ నాట్ అంటున్నది.

రిటైర్డ్_సైన్సుటీచరు
మసక ఫొటో చూపిస్తే అది మామగారి వేలిని కూడా ఏదో ఒక పక్షి అంటుంది. మూడో ఫొటో చూడండి, అదే పిట్ట పక్కకి తిరిగింది. ముక్కు పొడుగ్గా ఉండి, చివరికొచ్చేసరికి కొడవలిలా కిందికి వంగింది. రెడ్ నాట్‌కి ముక్కు పొట్టి, నిటారు, ఒళ్ళు కాస్త లావు. పైగా మన దేశంలో అరుదు. ఇది కర్లూ శాండ్‌పైపరే. మెడ, రొమ్ము, పొట్ట ముదురు ఇటుకరంగు, రెక్కల మీద ఇంకా కొన్ని పాత బూడిద ఈకలు మిగిలాయి. సగం పెళ్ళి బట్టలు, సగం ఇంటి బట్టలు.

పాలపిట్ట_27
మూడోది జూసిన. ముక్కు వంకరనే. నాదే తప్పు, యాప్‌ది గూడ.

సిక్కోలు_గుంటడు
ఇదైనా మనదేనా, ఎక్కడిదైనానా?

రిటైర్డ్_సైన్సుటీచరు
ఇది సైబీరియాది.

మౌనముని
😂😂😂

సిక్కోలు_గుంటడు
టీచరుగారూ, ఇది అన్యాయమండీ.

రిటైర్డ్_సైన్సుటీచరు
ఏం చెయ్యను, నిజం మరి. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, చెట్టు మొలవని టండ్రా నేల మీద, జూన్‌లో మంచు కరిగాక గడ్డిలో గూడు పెడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుకల్లా మన తీరానికి దిగడం మొదలు. బరువు యాభై అరవై గ్రాములు. ఒక కోడిగుడ్డంత. మనం మూడడుగుల కొంగకి సైబీరియా అంటగడతాం, సైబీరియా నుంచి నిజంగా వచ్చింది మాత్రం మన కాళ్ళ దగ్గర బురదలో పరిగెడుతుంటే తొక్కుకుంటూ పోతాం.

కొల్లేటి_చేప
ఇది చేపలు తింటుందా అండీ?

రిటైర్డ్_సైన్సుటీచరు
తినదు. బురదలో పురుగులు, చిన్న నత్తలు.

కొల్లేటి_చేప
అయితే ఎన్నొచ్చినా పర్లేదు. ఆయ్.

సిక్కోలు_గుంటడు
అయితే మా నౌపడ ఉప్పు మళ్ళలో గుంపులు గుంపులుగా పరిగెట్టీ పిట్టలు కూడా ఇవేనేటి? సిన్నప్పుడు రాళ్ళు ఇసిరి లేపీవోళ్ళం. ఇప్పుడు తల్సుకుంటే సిగ్గేస్తంది.

రిటైర్డ్_సైన్సుటీచరు
వాటిలో ఇవీ ఉండొచ్చు, ఇంకో నాలుగైదు రకాలూ ఉంటాయి. ఈ వారంలోనే వెళ్ళి చూడండి. రాళ్ళు లేకుండా.

బుజ్జమ్మవాళ్ళ_నాన్న
ఇంట్లో ఇప్పుడు పండగ వాతావరణం. పాప గోడ మీద పటంలో సైబీరియా వెతికి పెన్సిలు చుక్క పెట్టింది. సూళ్ళూరుపేట దొరకలేదు, నెల్లూరు కింద సుమారుగా ఇంకో చుక్క పెట్టింది. మధ్యలో హిమాలయాలు ఉండాయి కదా, కోడిగుడ్డంత పిట్ట ఎట్ట దాటింది అని అడుగుతా ఉంది. మా మామని అడగమన్నా. ఆయన "కోడిగుడ్డంత దానికోసం రెండొందల కిలోమీటర్ల పెట్రోలా" అని లేచి పోయినాడు.

వచ్చే ఆదివారం మళ్ళీ పోదామనుకుంటన్నాం. ఈసారి ఎట్ట చూడాల?

తడ_తమ్ముడు
ఆరింటికల్లా రోడ్డు మీద ఉండాల. ఎనిమిది దాటితే ఎండకి నీళ్ళ మీద గాలి అల్లాడి ఏదీ కుదురుగా కనపడదు. రోడ్డు మీద బండి ఆపొద్దు, లారీలు, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు జోరుగా పోతుంటాయి. పక్కకి దిగే చోటు చూసుకుని ఆపు. షార్ గేటు దాకా పోనక్కర్లేదు, ఎట్టాగూ లోపలికి పోనీరు. నీళ్ళు వెనక్కి పోయిన అంచు యాడుందో చూడు, తడి బురదకీ నీళ్ళకీ మధ్య ఆ గీత. పిట్టలు ఆ గీత మీదే ఉంటాయి. బండిలోంచి దిగకుండా అద్దం దించి చూస్తే ఇంకా దగ్గరికొస్తాయి. మనిషి నిలబడితే లేచిపోతాయి, కారుని పట్టించుకోవు.

అట్లాంటాలో_ఆవకాయ
వెళ్ళొచ్చాక తప్పకుండా రాయండి. ఇక్కడ కూర్చుని అసూయపడతాను.

బుజ్జమ్మవాళ్ళ_నాన్న
పోయి వస్తిమి.

ఆరుంపావుకి అక్కడుండాం. తమ్ముడు చెప్పినట్టే అద్దాలు దించి గమ్మున కూర్చుంటిమి. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒకటి వచ్చింది, దాని వెనకే గుంపు. కారుకి ఇరవై అడుగులు కూడా లేవు. ముక్కు బురదలో కుట్టుమిషను సూది మాదిరి దింపడం, తీయడం, రెండడుగులు, మళ్ళీ దింపడం. ఒకటి ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా మెరిసింది. పాప లెక్కపెట్టింది: మొత్తం పదకొండు. నాలుగు ఎర్రవి, ఏడు బూడిదరంగువి. ఎర్ర నాలుగిటికీ పేర్లు కూడా పెట్టింది, అవి ఇక్కడ రాయనులే.

గల్ పక్షులు రెండు, కాఫీ ముసుగుతో. ఫ్లెమింగోలు మళ్ళీ తెల్ల గీతే, ఈసారి ఉప్పు అని ఎవరూ అన్లేదు. మా మామ కొత్త టోపీ కొనుక్కుని వచ్చినాడు, ఫొటోలన్నీ ఆయనే తీసినాడు. పదిహేడు ఉండాయి. అన్నిట్లోనూ బొటనవేలు.

టీచరుగారూ, ఒక సందేహం. ఆ ఏడు బూడిదవి ఎందుకు ఎర్రబడలేదు? జబ్బు చేసిందా?

రిటైర్డ్_సైన్సుటీచరు
జబ్బేమీ కాదు. అవి పోయిన ఏడు పుట్టిన పిల్లలై ఉండొచ్చు. వాటికి ఈ ఏడు పెళ్ళి లేదు, కాబట్టి ప్రయాణమూ లేదు. అలాంటివి చాలావరకు వేసవంతా ఇక్కడే ఉండిపోతాయి. నీళ్ళెక్కడ మిగిలితే అక్కడ, మేలో కూడా కనపడతాయి.

బుజ్జమ్మవాళ్ళ_నాన్న
మే నెలలో పులికాట్ రోడ్డా! మా మామకి మీరే ఫోన్ చేసి చెప్పండి.